చీకటి మాస్టారి ఘనకార్యం

ఇంట్లో బల్బు మాడిపోతే మార్చడం చీకటి మాస్టారికి చేతకాదు. కుర్చీ తెచ్చుకోవడం, పైకెక్కడం, పాతది తిప్పి తీసి కొత్తది బిగించడం, అన్నీ ఆయన భార్య పనులే. ఆమె కుర్చీ మీద మునివేళ్ళ మీద నిలబడి అవస్థ పడుతుంటే, ఆయన కింద నిలబడి గడ్డం నిమురుకుంటూ, "ఆ మూల అలా చీకటిగా ఉంటేనే బాగుంది," అంటాడు. ఆ మాట బయట అంటే పదిమంది రాసుకుంటారు. ఇంట్లో అన్నాడు కనుక ఆమె, "అయితే ఆ మూలే కూర్చుని తినండి, కంచం ఎక్కడుందో తడుముకుంటూ," అని కుర్చీ దిగుతుంది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. బయట ఆయన పేరు చెబితే సినిమావాళ్ళు చేతులు కట్టుకుంటారు. మిగతా కెమెరామెన్లు వెలుగు ఎలా వెయ్యాలో నేర్చుకుంటే ఈయన ఒక్కడే దాన్ని ఎలా తీసెయ్యాలో కనిపెట్టాడని ప్రతీతి. చీకటి మాస్టారు అన్న పేరు మొదట తిట్టే. స్టూడియోలో దీపాలు మోసేవాళ్ళు పెట్టారు. "ఈయన వస్తే మనకు పనేముంది, స్విచ్చులు కట్టేసి గోడకు చేరగిలబడటమే," అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. తరవాత శిష్యులు బయల్దేరి ఆ తిట్టునే బిరుదు చేసుకున్నారు. శిష్యులన్నాక ఏదైనా చేస్తారు.

ఆ చీకటి అసలు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆయన కాక, తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కతే మిగిలింది. కుర్చీ ఎక్కి బల్బులు మార్చే ఆవిడే. ఆమె నోరు విప్పితే పల్లకీ నేల మీద పడుతుంది. విప్పలేదు. విప్పకుండా అన్నేళ్ళు ఆ మనిషిని మనసులో చీదరించుకుంటూ, పొద్దున్నే కాఫీ ఇస్తూ కాపురం చేసింది.

అప్పటికి ఆయన ఎవరికీ ఏమీ కాడు. ఒక పెద్ద కెమెరామన్ దగ్గర లెన్సులు తుడిచి తుడిచి, చివరికి ఒక చిన్న సినిమా సొంతంగా సంపాదించాడు. ఆమె నాటకాల్లోంచి వచ్చింది. వేదిక మీద నిలబడితే చివరి వరసవాళ్ళకు కూడా ఏడుపు తెప్పిస్తుందని పేరు. ఆ సినిమాలో ఆమెది అక్క వేషం. ఇంటి పరువు తీసి పారిపోయిన తమ్ముడు ఎన్నాళ్ళకో తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. అక్క తలుపు తీస్తుంది. రమ్మనదు, పొమ్మనదు. ఒక్క మాట లేదు. కోపం, ప్రేమ, సిగ్గు, అన్నీ మొహంలోనే రావాలి. ఆ తరవాత తలుపు వేసేస్తుంది. సినిమాకి ప్రాణం ఈ షాటే అని దర్శకుడు ఆమెకు ముందే చెప్పాడు. ఆమె ఆ షాటు కోసం అద్దం ముందు నిలబడి ఎంత సాధన చేసిందంటే, పక్క గదివాళ్ళు ఈ పిల్లకు ఏదో అయిందని కంగారుపడ్డారు.

షూటింగులోనే ఇద్దరికీ ఇష్టం కుదిరింది. పెళ్ళి అనుకున్నారు. ఆమెకు అప్పుడు ఆయన మీద గౌరవం కూడా ఉండేది, నమ్మండి.

ఆ షాటు తీసిన రోజు ఏమయిందంటే, మంచి ఫిలిం అయిపోయింది. నిర్మాత ఎక్కడో అడుగున మిగిలిన మందకొడి ఫిలిం డబ్బాలు తెచ్చి చేతిలో పెట్టాడు. కొన్ని ఫిలింలు కాస్త వెలుతురుకే బొమ్మ పట్టేస్తాయి, కొన్నిటికి బోలెడు వెలుతురు పొయ్యాలి. ఇవి ఆ రెండో రకం. ఎంత పొయ్యాలో చెప్పడానికి కెమెరామన్ చేతిలో చిన్న మీటరు ఉంటుంది. ఫిలిం మార్చినప్పుడల్లా ఆ మీటరు మీదున్న చక్రాన్ని ఆ ఫిలింకి తగ్గట్టు తిప్పుకోవాలి. కూరలో ఉప్పు పడిందో లేదో చూసుకోవడం ఎంతో, ఇదీ అంతే. లెన్సు తుడిచే కుర్రాడిక్కూడా చెప్పక్కర్లేని పని. మన మహానుభావుడు ఫిలిం మార్చాడు, చక్రం తిప్పడం మరిచిపోయాడు. మీటరు పాత ఫిలిం లెక్కే చెబుతోంది, ఈయన గంగిరెద్దులా తల ఊపుతూ వరసగా దీపాలు ఆర్పించుకుంటూ పోయాడు. దర్శకుడు ఓకే అన్నాడు. ఆ సాయంత్రమే సెట్టు పీకేశారు.

ఫిలిం కడిగి వచ్చాక బొమ్మ వేసి చూసుకున్న మర్నాడు పొద్దున్నే ఆయన ఆమె అద్దెకున్న ఇంటికి వచ్చాడు. మెట్ల మీదే కూలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది?" అంది ఆమె.

"మీటరు తిప్పలేదు."

"అంటే?"

"నీ మొహం లేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మళ్ళీ తియ్యచ్చుగా," అంది.

"సెట్టు లేదు. నిర్మాత ఇంకో పూట కూడా ఇవ్వనన్నాడు. ల్యాబులో ఏమన్నా చేస్తారేమో అడిగి చూస్తాం. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. అన్నావా, నా బతుకు ఇక్కడితో సరి."

వెలుతురు చాలని బొమ్మని ల్యాబులో కాస్త ఎత్తి ప్రింటు వెయ్యచ్చు. ఎత్తితే మొహం పైకి తేలుతుంది, కాకపోతే నలుపంతా బూడిద రంగుకి దిగి, బొమ్మ మీద ఇసక చల్లినట్టు ఉంటుంది. ఆయనా దర్శకుడూ కలిసి అలా ఎత్తిన ప్రింటు ఒకసారి వేసుకుని చూశారు. తిరిగొచ్చి, "బూడిదలా ఉంది. అందుకని దించేశాం," అన్నాడు. దించడమంటే ఉన్న చీకటిని ఇంకా చీకటి చెయ్యడం, తప్పు తప్పులా కాకుండా కావాలని చేసినట్టు కనబడాలని. మసి పూసి మారేడుకాయ చెయ్యడం అని చిన్నప్పటి నుంచీ వింటున్న మాటకు అర్థమేమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. మసి పడింది తన మొహం మీద.

సినిమా విడుదలైంది. అక్క తలుపు తీసింది. తెర మీద తలుపు ఆకారం ఒకటి, మనిషి ఆకారం ఒకటి, చెంప అంచున దారమంత వెలుగు. అంతే. తలుపు మూసుకుంది. హాల్లో కూర్చున్న ఆమె పక్కనే ఒకాయన, "ఎవరది?" అని భార్యని అడిగాడు. "ఏమో, పనిమనిషేమో," అంది భార్య.

నాలుగు రోజులు మాస్టారు తేలు కుట్టిన దొంగలా ఇంట్లోనే ఉన్నాడు. ఐదో రోజున ఒక విమర్శకుడు పత్రికలో రాశాడు. అక్క మొహం మనకు చూపించకపోవడంలోనే ఆ కెమెరా సంస్కారం ఉందట. ఒక స్త్రీ వేదనకు మనం తలుపు సందులోంచి తొంగి చూసే హక్కు లేదని ఆ చీకటి మనకు బుద్ధి చెప్పిందట. ఇంకా చాలా రాశాడు. మీటరు గురించి మాత్రం రాయలేదు. ఒకడు రాస్తే మరొకడు ఊరుకుంటాడా, వాడు ఇంకో రెండాకులు ఎక్కువ చదివాడు. గుడ్డెద్దు చేలో పడితే చేనుగలవాళ్ళు కర్ర తీసుకుని వస్తారు. ఈ చేనువాళ్ళు దండ తీసుకుని వచ్చారు.

ఆ చీకటికే ఆయనకు బహుమతి ఇచ్చిన రోజు విలేకరి ఒకడు, "మొహం దాచాలని మీకు ఎలా తోచిందండీ?" అని అడిగాడు. కొత్త పెళ్ళాంగా ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆయన కాసేపు నేల చూశాడు. ఆ కాసేపట్లో నిజం చెబుతాడేమో అని ఆమెకు ఒక పిచ్చి ఆశ. ఆయన తలెత్తి, "మొహం చూపిస్తే నటన చూస్తారు. మొహం దాస్తే మనసు చూస్తారు," అన్నాడు. ఎక్కడిదా మాట, ఎప్పుడు అనుకున్నాడు అని ఆమె ఆశ్చర్యపోయింది. ఆయనకే తెలిసి ఉండదు. అబద్ధం అలవాటు లేని మనిషి నోట్లోంచి మొదటి అబద్ధం ఎంత శుభ్రంగా బయటకొచ్చిందో చూసి, అప్పటికప్పుడే ఆమెకు ఆయన మీదున్న గౌరవం చచ్చిపోయింది.

ఆ మాట ఇప్పుడు సినిమా బడిలో గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద కూర్చుని పిల్లలు టీ తాగుతుంటారు.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తప్పు ఒకసారి చెయ్యడం తేలిక. రెండో సినిమాలో అదే తప్పు కావాలని చెయ్యాలంటే చచ్చేంత కష్టం. ఆయన కష్టపడ్డాడు. ఎంత ఆర్పితే ఎంత నలుపొస్తుందో, ఆ నలుపు బూడిద కాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో రాత్రింబవళ్ళు తంటాలు పడి నేర్చుకున్నాడు. మూడో సినిమా నాటికి నిజంగానే పనిమంతుడయ్యాడు. దొంగసొత్తుతో మొదలుపెట్టి కొట్టు నిలబెట్టినవాడు తరవాత నిజాయితీగానే తూకం వెయ్యచ్చు. ఆమె అది చూసింది, కానీ మొదటి రోజు సంగతి మరవలేదు.

ఇక ఆయన చూపించిన దారి ఎంతమంది నెత్తికెక్కిందో చెప్పాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, కెమెరా పట్టిన ప్రతివాడూ దీపాలు ఆర్పడం మొదలుపెట్టాడు. ప్రేమికులు చీకట్లో పాడుకున్నారు. పోలీసులు చీకట్లో దొంగల్ని పట్టుకున్నారు, ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఎవరికీ తెలియలేదు. హాస్యనటుడు చీకట్లో జారిపడితే జనం చప్పుడు విని నవ్వారు. హాళ్ళలో ప్రేక్షకులు ప్రొజెక్టరు పాడయిందనుకుని వెనక్కి తిరిగి ఆపరేటర్ని అమ్మనాబూతులు తిట్టారు. పాపం, ఆ అమాయకుడు అద్దాలు మళ్ళీ మళ్ళీ తుడిచాడు. సబ్బు కంపెనీవాళ్ళు సైతం తమ ప్రకటన నల్లగా తీయించుకున్నారు, కడుక్కున్న మొహం ఎలా ఉందో మటుకు చూపించకుండా. ఒక ఫొటో స్టూడియో యజమాని గుర్తింపు కార్డుల ఫొటోలు సగం మొహం నలుపులో ముంచి తీశాడు. ఆఫీసువాళ్ళు వాటిని వెనక్కి పంపితే, "కళ తెలియని మనుషులు," అన్నాడట. మేకప్ వాళ్ళు మాత్రం మాస్టారి పేరెత్తితే ఇప్పటికీ ఉమ్మేస్తారు.

శిష్యుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాస్టారు తానా అంటే వాళ్ళు తందానా. ఆయన దగ్గితే ఆ దగ్గులో లయ ఉందన్నారు. ఒకసారి ఇంటి ముందు గదిలో ఆయన కూర్చున్న చోటే కునుకు తీస్తే, ఆలోచిస్తున్నారని నలుగురూ గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆమె వంటింట్లోంచి వచ్చి, "గురక వినబడట్లేదా బాబూ," అంటే మొహమొహాలు చూసుకున్నారు.

ఆమెకేమయింది? ఏమీ కాలేదు. ఒక్క నిర్మాత కబురు పెట్టలేదు. ఎలా పెడతాడు, మొహం చూస్తే కదా. సినిమాలో నువ్వెక్కడున్నావు అని అడిగిన బంధువులకు, "తలుపు పక్కన," అని చెప్పి ఊరుకునేది. బిడ్డా పాపా కలగలేదు. మాస్టారి పేరు పెరిగేకొద్దీ ఆమెకు ఒక పని మాత్రం దొరికింది. తెర మీద వేరే అమ్మాయిలు పెదవులు కదిపితే గదిలో కూర్చుని వాళ్ళకు గొంతు ఇచ్చేది. మొహాలున్నవాళ్ళకు గొంతు అరువిస్తూ, నా మొహం ఎవరికిచ్చానో అనుకునేది. వాళ్ళ నటన చూసి పెదవి విరిచేది. ఈ ఏడుపూ ఒక ఏడుపేనా, ఆ ఒక్క షాటు గనక వెలుగులో పడి ఉంటే ఏడవడమంటే ఏమిటో మీకు తెలిసేది అని, మైకు ముందు కూర్చుని ప్రతిరోజూ అనుకునేది.

ఆడపడుచు అప్పుడప్పుడూ వచ్చి ఆ పుండు మీద కారం చల్లి పోయేది. అన్నయ్య అంటే ఆవిడకు దేవుడు.

"మా అన్నయ్య దొరకడం నీ అదృష్టం వదినా."

"అవునమ్మా. నా అదృష్టం కళ్ళకు కనబడదు, అంతే తేడా."

"నువ్వెప్పుడూ ఇంతే, మాట అంటే చాలు చురక పెడతావు. అన్నయ్య ఒక్క మాట తిరిగి అంటాడా నిన్ను? ఏమన్నా పడతాడు. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

అది మాత్రం నిజమే. ఆమె ఏమన్నా ఆయన పడేవాడు. "నా మొహం మింగేసి పేరు తెచ్చుకున్నారు," అని ఆమె అన్నం వడ్డిస్తూ అనేది, దుప్పట్లు మడత పెడుతూ అనేది, ఆయనకు ఏదన్నా సన్మానం జరిగిన రోజైతే మరీ అనేది. ఆయన కుక్కిన పేనులా ఉండేవాడు. ఒక్కసారి కూడా కాదనలేదు. ఏమని అంటాడు, తప్పు చేసినవాడు అని ఆమె అనుకునేది. నోరు మూసుకుని ఇన్నాళ్ళూ ఈయన పరువు నిలబెడుతున్నది తను కాదూ. ఆయన్ని చూసినప్పుడల్లా, నేను పెట్టిన భిక్ష మీద బతుకుతున్నావు అన్న ఒక్క ఆలోచన ఆమెను నిటారుగా నిలబెట్టేది. దాన్నే పట్టుకుని ఆమె ముసలిదయింది.

అలాంటి రోజుల్లో పెద్ద శిష్యుడు ఒక వార్త మోసుకొచ్చాడు. ఈ శిష్యుడు ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు, గురువుగారి ఇంట్లోనైతే గోడలకు గుద్దుకుంటాడు. పాత సినిమాలు భద్రపరిచే సంస్థవాళ్ళు మాస్టారి మొదటి సినిమాను బాగుచెయ్యబోతున్నారట. నెగటివు చెక్కుచెదరకుండా దొరికిందట. కంప్యూటరులోకి ఎక్కించి, మచ్చలు తీసి, రంగూ వెలుగూ దిద్ది, ఇకమీదట అదే అసలు సినిమాగా దాచిపెడతారట. ఆ తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోరు.

"గురువుగారు వచ్చి ప్రతి షాటూ చూసి సరే అనాలి," అన్నాడు శిష్యుడు.

కాఫీ గ్లాసులు తెచ్చిన ఆమె అక్కడే నిలబడిపోయింది. "కంప్యూటరులో వేస్తే చీకట్లో ఉన్నది కూడా కనబడుతుందంటారు, నిజమేనా?"

"చాలావరకు కనబడుతుందమ్మా. ఈ మిషన్లు నెగటివులో ఏమున్నా లాగేస్తాయి." అని, శిష్యుడు నవ్వాడు. "కాకపోతే లాగం కదా. గురువుగారి చీకటిని ముట్టుకుంటే కళ్ళు పోవూ?"

మాస్టారు గ్లాసు అందుకోలేదు. "నాకు ఒంట్లో బాగాలేదు. మీరే చూసుకోండి," అన్నాడు.

"ఏం బాగాలేదు? పొద్దున్న రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు," అంది ఆమె. "మీరు వెళ్తారు. నేనూ వస్తాను."

ఆయన ఆమె వైపు చూశాడు. "నువ్వెందుకు? ఎండలో అంత దూరం."

"నా మొహం చూసుకోవడానికి."

ఆ వారమంతా ఆయన వంకలు వెతికాడు. జలుబన్నాడు, మోకాలన్నాడు, ఆ సంస్థవాళ్ళు మంచివాళ్ళు కాదన్నాడు. భయపడుతున్నాడని ఆమెకు తెలిసి లోపల్లోపల పండగలా ఉంది. చచ్చేలోగా ఒక్కసారి ఆ మొహం నలుగురూ చూస్తే చాలు. ఆయన పేరు పోతుందా, పోనీ. అక్క తలుపు తీసినప్పుడు తన కళ్ళలో ఏముందో లోకానికి తెలిస్తే, ఇన్నేళ్ళూ మైకు ముందు కూర్చుని వృథా అయిన బతుక్కి ఒక జవాబు దొరుకుతుంది. ఆమెకు ఇంకే కోరికా లేదు. ఆ రోజు పొద్దున్న తల నున్నగా దువ్వుకుని, పెట్టెలో అడుగున ఉన్న మంచి బట్టలు తీసి కట్టుకుంది.

రంగులు దిద్దే గది చిన్నది, చల్లగా ఉంది, కిటికీలు లేవు. ఎదురుగా తెర, దాని ముందు ఒక బల్ల, బల్ల మీద వేళ్ళతో తిప్పే చక్రాలు. అక్కడ కూర్చున్నది పడుచుపిల్ల, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని చకచకా పని చేసుకుపోతోంది. శిష్యులు ఐదారుగురు వెనక వరసలో సర్దుకున్నారు. మాస్టారిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమెకు ఎవరూ కుర్చీ చూపించలేదు. తనే ఒకటి లాక్కుని ఆయన పక్కన వేసుకుంది.

షాటు వెనక షాటు వచ్చింది. మచ్చలు పోయాయి, గీతలు పోయాయి. శిష్యులు ప్రతిదానికీ నిట్టూర్చారు. చివరికి తలుపు వచ్చింది. తెర మీద అదే నలుపు, అదే ఆకారం, చెంప అంచున అదే దారం.

"సార్, దీని నెగటివులో చాలా ఉంది," అంది అమ్మాయి. "లోపల మొహం మొత్తం ఉంది. ఎత్తి చూడనా?"

"వద్దు," అన్నాడు మాస్టారు.

"ఎత్తమ్మా," అంది ఆమె.

వెనక వరసలో గుసగుసలు పోయాయి. "అమ్మగారూ, ఇది గురువుగారి..." అని పెద్ద శిష్యుడు మొదలుపెట్టాడు.

"ఆ తలుపు తీసింది నేను. నేను చూడాలి."

అమ్మాయి మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అది సరే అనుకుందో ఏమో, అమ్మాయి చక్రం మెల్లగా తిప్పింది. ముందు తలుపు చెక్క వచ్చింది. గడియ వచ్చింది. తరవాత జుట్టు, నుదురు, చెంప. అక్కడితో ఆగకుండా మొహమంతా తేలి వచ్చేసింది, కాస్త ఇసక చల్లినట్టున్నా స్పష్టంగా. ఎంత బాగున్నాను అనుకుంది ఆమె. వెనకాల ఒక్కడూ ఊపిరి తియ్యడం లేదు.

"కదిలించనా మేడం?"

బొమ్మ కదిలింది. తమ్ముణ్ణి చూడగానే అక్క కళ్ళు పెద్దవయ్యాయి. చాలా పెద్దవయ్యాయి. కనుబొమలు పైకి లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. కోపం రావలసిన చోట ముక్కుపుటాలు అదిరాయి. ప్రేమ రావలసిన చోట కింది పెదవి వణికింది, ఆగింది, గుర్తొచ్చినట్టు మళ్ళీ వణికింది. చివరి వరసవాడికి కూడా అర్థం కావాలని ఒక్కొక్కటీ విడివిడిగా, వరసగా చూపించింది. ఇక తలుపు వేసే ముందు, అన్నిటికంటే ముఖ్యమైన చోట, ఆ కళ్ళు తమ్ముడి మీంచి జారి పక్కకు వెళ్ళాయి, కెమెరా వెనకాల నిలబడిన మనిషి వైపు. బాగా చేశానా అని అడిగాయి. తలుపు మూసుకుంది.

పెద్ద శిష్యుడు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. రంగులు దిద్దే అమ్మాయి వెనక్కి తిరిగి, మెత్తగా, "అప్పట్లో అందరూ అలాగే చేసేవాళ్ళు కదా మేడం," అంది. మంచి మనసుతోనే అంది. అందుకే లోతుగా దిగింది.

"మళ్ళీ వెయ్యమ్మా."

మళ్ళీ వేసింది. మళ్ళీ పెదవి వణికింది, ఆగింది, వణికింది. ఇతరుల నటనకు గొంతు ఇచ్చీ ఇచ్చీ ఆమెకు మంచేదో చెడేదో చెప్పగల చెవీ కన్నూ ఏర్పడ్డాయి. వేరే అమ్మాయి ఎవరైనా ఇలా చేసి ఉంటే మైకు ముందు కూర్చుని ఏమని నవ్వేదో ఆమెకు తెలుసు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇన్నేళ్ళూ చీకటిని తిట్టిపోసింది తనేనా? ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది.

ఆయనకు మాత్రమే వినబడేలా, "మీకు తెలుసా ఇది?" అంది.

"కెమెరాలోంచి చూసింది నేనేగా."

"దర్శకుడికి?"

"ఎత్తిన ప్రింటు చూశాడు. దించేయమన్నాడు."

"బూడిదలా ఉందని కదా చెప్పారు నాతో."

"బూడిదలాగే ఉంది," అన్నాడు. "అదీ ఉంది."

ఆ వారమంతా వెతికిన వంకలన్నీ ఆయన పేరు కోసమనుకుంది ఆమె. అన్నం దగ్గర, దుప్పట్ల దగ్గర, సన్మానాల రోజుల్లో, మొహం మింగేశారని ఆమె అన్న ప్రతిసారీ, నీ మొహంలో ఏముందే మింగడానికి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆమె నోరు మూసుకుని ఆయన్ని కాపాడుతుంటే, ఆయన అవతల కూర్చుని అదే పని చేస్తూ వచ్చాడు. జాలిపడ్డాడు. చక్రం తిప్పడం మరిచిపోయే మనిషి, బల్బు మార్చడం రాని మనిషి, తన మీద జాలిపడ్డాడు, తను పెట్టిన భిక్ష తింటున్నాడనుకుంటే. మంచితనం అని దాన్ని ఎవరన్నా అంటే అననీ. ఆమెకు ఏడుపు రాలేదు, కడుపు మండిపోయింది. ఆయన కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

అమ్మాయి ఆగి ఆగి అడిగింది. "ఎలా ఉంచమంటారు సార్? ఇలా ఎత్తి ఉంచమంటారా, మొదట ఉన్నట్టు దించమంటారా? ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి."

మాస్టారు భార్య వైపు తిరగకుండానే, "ఆవిణ్ణి అడుగు. మొహం ఆవిడది," అన్నాడు.

ఆ మాట వినడానికి ఆమె ఒక జీవితం కాచుకుంది. ఇప్పుడు అందరూ తిరిగి ఆమెనే చూస్తున్నారు. ఉంచమంటే ఉంటుంది. ఆయన చీకటి గుట్టు రట్టవుతుంది, దానితో పాటే తన పెదవీ, తన కనుబొమలూ, పక్కకు జారిన తన కళ్ళూ ఎప్పటికీ అలా ఉండిపోతాయి. కావాలనుకున్నది అదే కదా, నలుగురూ చూడటం. తెర మీద పడుచు మొహం తలుపు అంచున ఆగి ఆమెనే చూస్తోంది, బాగా చేశానా అని.

"దించెయ్ అమ్మా," అంది ఆమె.

"కొంచెమా మేడం?"

"మొత్తం. ఏమీ కనబడకూడదు."

చక్రం తిరిగింది. చెంప పోయింది, నుదురు పోయింది, తలుపు గడియ పోయింది. చెంప అంచున దారమంత వెలుగు మిగిలింది. వెనక వరసలో శిష్యులు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పెద్ద శిష్యుడు నల్లకళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "విన్నారా, మొహం ఆవిడది, చీకటి చాలంది ఆవిడ. కళంటే ఏమిటో మనలో ఎవరికి అంత తెలుసు?" అని చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. అమ్మాయి కూడా చక్రాలు వదిలి కొట్టింది. నాటకాలు మానేశాక ఆమె కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. అవి ఎంతకీ ఆగకపోయేసరికి, ఏం చెయ్యాలో తోచక, ఆమె లేచి నిలబడి, వేదిక మీద అలవాటైన పద్ధతిలో వాళ్ళకు తల వంచింది.